కొక్కెం ఖాళీ అయ్యేదాకా

కోట్కా రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు
నాలుగో నంబరు క్రేను నడిపిన హిల్కా హక్కరైనెన్
రిటైరయ్యాక
ఊరి గ్రంథాలయంలో, కిటికీ పక్క కంప్యూటర్లో
నక్కతోక ఉన్న విలుకత్తెగా మళ్ళీ పుట్టింది.
పేరేం పెట్టుకుంటావని ఆట అడిగితే
ఆలోచించలేదు: నాలుగోక్రేను.

మొదటి వారమంతా వంతెన దగ్గరే.
కాపలావాడు కదలడు, దారివ్వడు.
రొట్టె ఇచ్చింది, పుచ్చుకోలేదు.
బాణం వేసింది. ఈసారి వాడు కదిలాడు,
ఆమె చచ్చిపోయి గుడారంలో లేచింది.

చత్వారపు కళ్ళకి ఆనాలని
పెద్దక్షరాల మీట నొక్కి పెట్టుకుంది.
మన అక్షరాలకు లేదు గాని
ఆ లిపికి అరిచే గొంతు ఒకటుంది,
ఆ సంగతి ఆమెకి తెలీదు.
"ఎవరైనా రండి. వంతెన దాటించండి" అని
పదకొండుసార్లు పెట్టింది.
అవతల తొమ్మిదిమంది
మంచు ఎలుగుతో చావోరేవో తేల్చుకుంటున్నారు.
ఒకడన్నాడు: ఎందుకా కేకలు?
మిగతావాళ్ళు అదీ అనలేదు.

కోటు గుండీలు పెట్టుకుంటూ మెట్ల మీద ఆగి
రేవు వైపు చూసింది.
అప్పుడు గుర్తొచ్చింది కిందివాళ్ళ మర్యాద.
నలభై మీటర్ల ఎత్తున గాజుగదిలో తనుంటే
నేల మీంచి అరిచి లాభం లేదని తెలిసిన మనుషులు
తనకి కనబడేచోటికి వచ్చి నిలబడేవాళ్ళు.
కొక్కేనికి బరువుండగా చెయ్యెత్తేవాళ్ళు కాదు.
ఖాళీ కొక్కెం ఊగడం ఆగాక
ఒక్క చెయ్యి, తిన్నగా, పైకి.
ఏం కావాలో అంతే చూపే వేళ్ళు:
ఎడమకి. ఇంకాస్త. చాలు.
పనయ్యాక టోపీ అంచు తాకి పోయేవాడు ఆర్వో,
అతని లారీ ఉందంటే
భోజనాల గంట మోగినా ఆమె దిగేది కాదు.

మర్నాడు ఆ మీట తీసేసింది.
పోరు నడిచినంతసేపూ చలిమంట పక్కన కూచుంది.
ఎలుగు కూలింది. సొమ్ము పంచుకున్నారు.
గాయాలకు కట్లు కట్టుకున్నారు.
అప్పుడు రాసింది, రెండు వేళ్ళతో వెతుక్కుంటూ:

"నేను కొత్త. మీకు తీరికుంటేనే.
కాపలావాడితో మూడుసార్లు మాట్లాడాను.
రొట్టె ఇచ్చాను, తీసుకోలేదు.
ఒకసారి బాణం వేశాను, తప్పే.
నేను చూడనిదేదో అక్కడుంది.
దాటించొద్దు. ఎటు చూడాలో చెప్పండి చాలు."

కాసేపు ఏమీ లేదు.
ఆ కాసేపట్లో మళ్ళీ అడక్కుండా ఉండడం
ఎంత కష్టమో వేళ్ళకే తెలుసు.

ఉల్లిపొర అనే మంత్రగాడు
మంట ఇవతలికి వచ్చి కూలబడ్డాడు.
"బాణం నేనూ వేశాను," అన్నాడు ముందు.
తర్వాత: "వాడి లాంతరు చూడు."

ఆరిపోయి ఉంది లాంతరు.
వారం రోజులుగా ఆరిపోయే ఉంది.
విల్లు పక్కన పెట్టి చెకుముకి తీసింది.
వెలుగులో కాపలావాడు ఆమె ముఖం చూశాడు,
తప్పుకున్నాడు.

మార్చి. సముద్రం మీద మంచు పలకలు విరుగుతున్నాయి.
ఏడూ యాభై అయిదు. గ్రంథాలయం మూసేవేళ,
తపానీ ఒక్కో వరస దీపాలూ ఆర్పుకుంటూ వస్తున్నాడు.
"కుదిరితే అయిదు నిమిషాలు. కుదరకపోతే ఫరవాలేదు," అంది.
అతను కిటికీ వరస వదిలి వెళ్ళాడు.

వంతెన దగ్గర ఎవడో, కాళ్ళకి చెప్పులైనా లేనివాడు,
పెద్దక్షరాల్లో లోకాన్నంతా పిలుస్తున్నాడు.
బంగారం ఇమ్మంటున్నాడు, కత్తి ఇమ్మంటున్నాడు,
ఇప్పుడే ఇమ్మంటున్నాడు.
ఆమె వెళ్ళి వాడికి కనబడేలా నిలబడింది.
చిన్నక్షరాల్లో రాసింది: "బాణం వేశావా?"
"రెండుసార్లు."
"నేనొకసారి. వాడి లాంతరు చూడు."

థాంక్స్ లేదు, వెనక్కి చూడ్డం లేదు,
చెక్కల మీద పరుగు చప్పుడు.

హిల్కా కళ్ళజోడు మడిచింది.
కొత్త చెయ్యి ఎత్తిన మొదటి బరువు
కాస్త ఊగుతుంది మరి.